పిల్లల ప్రాజెక్టుల్లో వికీపీడియా: నిషేధించాలా, వాడటం నేర్పాలా?

సుద్దముక్క
తొమ్మిదో తరగతికి సైన్సు చెబుతాను. ‘చంద్రుడు ఎలా పుట్టాడు’ అన్న అంశం మీద రెండు పేజీలు రాసుకుని రమ్మన్నాను. వచ్చిన కాగితాల్లో సగానికి పైగా ఒకే పేరా, అవే వాక్యాలు, అదే వరుస. ఒక అమ్మాయి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. ఒక వాక్యం చివర చదరపు బ్రాకెట్లలో 3 అన్న అంకె, ఆ పక్క వాక్యం చివర ‘ఆధారం చూపాలి’ అన్న గుర్తు కూడా పొల్లు పోకుండా దించింది. ఆ అంకె ఏమిటమ్మా అని అడిగితే, ‘అక్కడ అలాగే ఉంది టీచర్’ అంది.

స్టాఫ్ రూములో ఇది పెద్ద చర్చ అయింది. ఇకపై ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వం నుంచి ఏం తెచ్చినా ప్రాజెక్టుకు సున్నా మార్కులు వేద్దామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఆ పిల్ల ఇంటి దగ్గర వేరే పుస్తకం ఉండదని నాకు తెలుసు. అలాగని ఈ కాపీలకు మార్కులు వేయడానికీ చేయి రావడం లేదు. మీ బడుల్లో ఏం చేస్తున్నారు?

నీలిసిరా
నిషేధించండి. మొహమాటం వద్దు. డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెబుతాను, ఏటా ఇదే గొడవ. 2007లో అమెరికాలో మిడిల్‌బరీ కళాశాల చరిత్ర శాఖ ఈ పనే చేసింది. జపాన్‌లో 17వ శతాబ్దపు షిమబారా తిరుగుబాటుకు జెసూయిట్లు (క్రైస్తవ మత ప్రచారకులు) సాయం చేశారని అరడజను మంది విద్యార్థులు పరీక్షలో ఒకే తప్పు రాశారు. అది ఎక్కడి నుంచి వచ్చిందని చూస్తే వికీపీడియా. తప్పు ఒక చోట ఉంటే తరగతి మొత్తానికి అంటుకుంటుంది. పాఠ్యపుస్తకంలో తప్పు పడితే రచయిత పేరు అట్ట మీద ఉంటుంది, నిలదీయవచ్చు. ఇక్కడ ఎవరిని అడుగుతారు?

రెండో_బెంచీ
మాకు కూడా నిషేధం ఉంది సార్. అందరూ అక్కడే చదువుతారు, కింద మాత్రం ఏదో ఒక పుస్తకం పేరు రాస్తారు. ఆ పుస్తకం ఎవరూ చూసి ఉండరు.

పుస్తకాల_బీరువా
రెండో_బెంచీ చెప్పింది అక్షరాలా నిజం. కళాశాల గ్రంథాలయంలో పని చేస్తాను. ప్రాజెక్టు నివేదికల చివర ఉదహరించిన పుస్తకాలు మా దగ్గర ఉన్నాయా అని సరదాకు వెతుకుతూ ఉంటాను. కొన్ని బీరువాలోనే ఉంటాయి, ఎవరూ తీసుకెళ్లిన గుర్తు ఉండదు. నిషేధం వల్ల పిల్లలు నేర్చుకుంటున్నది అబద్ధపు ఆధారం రాయడం. ఇది కాపీ కంటే పెద్ద దోషమని నేను గట్టిగా నమ్ముతాను.

నీలిసిరా గారూ, మిడిల్‌బరీ విషయంలో చిన్న సవరణ. వాళ్లు చదవవద్దని చెప్పలేదు. పరీక్షల్లో, వ్యాసాల్లో దాన్ని ఆధారంగా చూపవద్దన్నారు. ఈ రెండింటికీ మధ్య చాలా దూరం ఉంది. పాత అచ్చు విజ్ఞాన సర్వస్వాలకూ ఉన్నత చదువుల్లో ఇదే నియమం. 1768లో ఎడిన్‌బరోలో మొదలైన బ్రిటానికాను కూడా పరిశోధన వ్యాసంలో చివరి ఆధారంగా ఎవరూ చూపరు. విజ్ఞాన సర్వస్వం అంటే దారి తెలియనప్పుడు ఎటు వెళ్లాలో చెప్పేది. వికీపీడియా కూడా తన గురించి ఇదే చెబుతుంది: నన్నే ఆధారంగా చూపకండి, నా కింద ఉన్న మూలాలు చూడండి అని.

నీలిసిరా
సవరణ ఒప్పుకుంటాను. కానీ కింద ఉన్న మూలాలు చూసే విద్యార్థి ఎక్కడున్నాడు? సుద్దముక్క గారి తరగతిలో అంకెను కూడా దించేశారు.

మొలకల_మాలి
అందుకే అంకె అంటే ఏమిటో చెప్పాలి కదా! ఎవరూ చెప్పకపోతే ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది?

తెలుగు వికీపీడియాలో చాలాకాలంగా రాస్తున్నాను. ‘ఆధారం చూపాలి’ అన్న గుర్తు పెట్టేది మాలాంటి వాళ్లమే. ఈ వాక్యానికి మద్దతు కనబడలేదు, జాగ్రత్త అని పాఠకుడికి చెప్పడానికి. ఏ పాఠ్యపుస్తకంలో ఇలాంటి గుర్తు చూశారు? ‘ఈ వాక్యం మాకూ అనుమానంగానే ఉంది’ అని ఒప్పుకున్న అచ్చు పుస్తకం ఒక్కటి చూపించండి. నాకు వికీపీడియా మీద గౌరవం కలిగిందే ఇక్కడ.

ఎవరిని అడుగుతారు అన్నారు. ప్రతి పేజీకి ‘చరిత్ర’ అనే విభాగం ఉంటుంది. ఏ మార్పు ఎవరు, ఎప్పుడు చేశారో, ముందు ఏముండేదో, తర్వాత ఏమైందో అంతా అక్కడ కనబడుతుంది. పక్కనే ‘చర్చ’ పేజీ. రాసినవాళ్లు ఎందుకు తగువులాడుకున్నారో చదవవచ్చు. మా గొడవలన్నీ బహిరంగం. మొత్తం వికీకి సంబంధించిన చర్చలకైతే రచ్చబండ ఉంది, పేరుకు తగినట్టే ఉంటుంది.

ఒరిగామి
రచ్చబండలో ఎప్పుడైనా తీర్పు వచ్చిందా అండీ, లేక వాదనలేనా? :)

మొలకల_మాలి
వస్తుంది. ఆలస్యంగా వస్తుంది :)

జీవకణం
సుద్దముక్క గారూ, జీవశాస్త్రం చెబుతాను. నేను చేసే పని చెబుతాను, మీకు పనికి రావచ్చు.

వ్యాసాన్ని చదివి సారాంశం రాయమని ఎప్పుడూ అడగను. ఒక వ్యాసంలో ఏదైనా ఒక్క వాక్యం ఎంచుకోండి, దాని పక్కనున్న అంకె నొక్కండి, ఆ మూలం తెరవండి, వాక్యం చెప్పింది అక్కడ నిజంగా ఉందో లేదో చూసి రాయండి అంటాను. అంతే. మొదట్లో ఇదేమి పని అని విసుక్కున్నారు. తర్వాత పోటీ మొదలైంది. ఒక కుర్రవాడు ఒక శాస్త్రవేత్త గురించిన వ్యాసం తీసుకున్నాడు. ‘ఈ పరికరాన్ని మొట్టమొదట తయారుచేసింది ఈయనే’ అని వ్యాసంలో ఉంది. అంకె నొక్కితే ఒక పత్రిక కథనం తెరుచుకుంది. అందులో ‘మొదట తయారుచేసిన వారిలో ఒకరు’ అని మాత్రమే ఉంది. వాడు రెండు వాక్యాలను పక్కపక్కన రాసి, తేడా కింద ఎర్రగీత గీసి తెచ్చాడు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. నేను ఏడాది పొడుగునా పాఠం చెప్పినా ఆధారం అంటే ఏమిటో అంత బాగా చెప్పలేను.

ఆ తర్వాత వాడు చర్చ పేజీలో ఈ విషయం రాశాడు. కొద్ది రోజులకు ఎవరో వాక్యం సరిచేశారు. వాడి సంతోషం చూడాలి!

సుద్దముక్క
జీవకణం గారూ, ఇది చాలా నచ్చింది. కానీ మూలాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి కదా. తెలుగు మాధ్యమం పిల్లలు ఏం చేస్తారు?

జీవకణం
నిజమే, అక్కడ కష్టమే. నేను ముందే కొన్ని వ్యాసాలు ఏరి పెడతాను. తెలుగు పత్రికలో గానీ, తెలుగు పుస్తకంలో గానీ మూలం ఉన్నవి మాత్రమే. ఏరడానికి ఒక సాయంత్రం పోతుంది.

లెక్కల_వాకిలి
ఎవరూ చెప్పని సమస్య ఒకటి చెబుతాను. గణితంలో వికీపీడియా తప్పులతో నాకు పేచీ లేదు. అక్కడ తప్పులు తక్కువ. పేచీ ఏమిటంటే అర్థం కాదు! ఇంగ్లీషు వ్యాసం తెరిస్తే, విషయం తెలిసినవాడు తెలిసినవాడి కోసం రాసినట్టు ఉంటుంది. ఇంటర్ విద్యార్థి సదిశ (వెక్టర్) అంటే ఏమిటని వెళితే రెండో మూడో పేరాకే సదిశాంతరాళంలో (వెక్టర్ స్పేస్) తేలుతాడు. అక్కడి నుంచి ఒక లింకు, ఆ లింకు నుంచి ఇంకో లింకు, గంట తర్వాత చేతిలో ఏమీ ఉండదు. నిర్వచనం కచ్చితంగా ఉండటం వేరు, బోధించడం వేరు. ఉదాహరణ ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు ఆగాలి, పిల్ల ముఖం చూసి మళ్లీ ఎలా చెప్పాలి, ఇది మనిషి చేసే పని. విజ్ఞాన సర్వస్వం ఉంది కాబట్టి పాఠ్యపుస్తకం అక్కరలేదనేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఒరిగామి
సింపుల్ ఇంగ్లీష్ వికీపీడియా అని వేరే ఉంది, చిన్న వాక్యాలు, తేలిక పదాలు. గణితంలో కొన్ని పేజీలు బాగుంటాయి. మా పాప దానితోనే మొదలుపెడుతుంది.

లెక్కల_వాకిలి
చూశాను, మంచిదే. వ్యాసాలు తక్కువ. ఉన్నంతవరకు బాగుంది.

నీలిసిరా
తేలికగా తప్పులు దిద్దుతారని అందరూ అంటున్నారు కాబట్టి ఒక్కటి గుర్తుచేస్తాను. 2005లో జాన్ సీగెంథాలర్ అనే అమెరికన్ పాత్రికేయుడి పేజీలో, కెన్నెడీ హత్యతో ఆయనకు సంబంధం ఉందని ఒకప్పుడు అనుమానించారని ఎవరో అబద్ధం రాశారు. సుమారు నాలుగు నెలలు అలాగే ఉంది. బతికున్న మనిషి! చరిత్ర విభాగంలో అన్నీ కనబడతాయి సరే, చరిత్ర విభాగం తెరిచేదెవరు?

మొలకల_మాలి
అది జరిగింది, కాదనను. దాని తర్వాతే ఇంగ్లీషు వికీపీడియాలో ఖాతా లేనివాళ్లు కొత్త పేజీ సృష్టించడాన్ని ఆపారు. బతికున్నవాళ్ల పేజీలకు నియమాలు బిగించారు. ఇప్పుడు మూలం లేని ఆరోపణ కనబడితే చర్చ కోసం ఆగకుండా తీసేస్తారు.

పేజీల్లో పిచ్చిరాతలు రాసే దుశ్చర్యల సంగతి దగ్గర నుంచి చూసినవాణ్ణి కాబట్టి చెబుతాను. బడి నడిచే వేళల్లో ఎక్కువ వస్తాయి. ఒకసారి ఒక రాజవంశం జాబితాలో చిట్టచివరి రాజుగా ఏడో తరగతి పిల్లవాడి పేరు, ‘సెక్షన్ బి’ అన్న బిరుదుతో సహా చేరింది. రెండు నిమిషాల్లో తీసేశాం. ఎక్కువమంది చూసే పేజీలో పిచ్చిరాత నిలవదు. ఎవరూ చూడని పేజీలో, నమ్మేట్టు రాసిన అబద్ధం మాత్రం నిలుస్తుంది. నన్ను భయపెట్టేది రెండోదే.

రెండో_బెంచీ
రాజుగారి పాలనాకాలం రెండు నిమిషాలన్నమాట.

పుస్తకాల_బీరువా
మొలకల_మాలి గారు చెప్పిన రెండో రకానికి పెద్ద ఉదాహరణ ఉంది. కరెంటు టోస్టర్‌ను 1893లో అలన్ మెక్‌మాస్టర్స్ అనే స్కాట్లాండ్ శాస్త్రవేత్త కనిపెట్టాడని 2012లో ఒక కల్పిత వ్యాసం ఇంగ్లీషు వికీపీడియాలో చేరింది. అలాంటి శాస్త్రవేత్త లేనే లేడు. పదేళ్లపాటు ఎవరూ పట్టుకోలేదు. పత్రికలు రాశాయి, పుస్తకాల్లోకి ఎక్కింది. 2022లో దాన్ని బయటపెట్టడానికి కారణమైంది ఎవరో తెలుసా? ఒక బడి పిల్లవాడు. పేజీలో ఉన్న పాత ఫొటో అతనికి అనుమానంగా కనబడింది, ఎవరో మార్చి చేసినట్టుంది అనుకున్నాడు. ఆ అనుమానాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాడు. అక్కడి నుంచి తీగ లాగితే డొంకంతా కదిలింది.

నీలిసిరా గారూ, అబద్ధం చాలాకాలం నిలిచిందన్న మీ బాధ న్యాయమైనదే. కానీ పట్టుకున్న పిల్లవాడిని కూడా లెక్కలోకి తీసుకోండి. నిషేధించిన తరగతిలో అలాంటివాడు తయారవుతాడా?

పరిశోధన_బాట
పత్రికలు రాశాయి అన్నారు చూడండి, అసలు ఊబి అక్కడే ఉంది. పీహెచ్‌డీలో పాత తెలుగు పత్రికల మీద పని చేస్తున్నాను. ఒక రచయిత పుట్టిన సంవత్సరం వికీలో ఒకటి ఉంది, పక్కనే పత్రిక కథనం మూలంగా ఉంది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. పేజీ చరిత్ర తీస్తే, ఆ సంవత్సరం మూలం లేకుండా ముందే చేరి ఉంది. పత్రిక కథనం ఆ తర్వాత వచ్చింది. కథనం రాసినవారు వికీ చూసి రాశారు, వికీవాళ్లు కథనం చూసి మూలం చేర్చారు. రెండూ ఒకదాని భుజం మీద ఒకటి చేయి వేసుకుని నిలబడ్డాయి, కింద నేల లేదు! ఆ రచయిత పుస్తకం తొలి ముద్రణ పీఠికలో ఆయనే రాసుకున్న సంవత్సరం వేరు.

నేను ఈ సంగతి కనిపెట్టగలిగింది తేదీలు పోల్చడం వల్ల. ఆ తేదీలు ఇచ్చింది వికీపీడియా పేజీ చరిత్రే. పత్రిక కథనానికి అలాంటి చరిత్ర ఉండదు, ఏ మాట ఎక్కడ తెచ్చారో చెప్పదు. అందుకే నాకు తిట్టాలో మెచ్చుకోవాలో తేలలేదు.

నీలిసిరా
పరిశోధన_బాట గారి ఉదాహరణ నా వాదనకే బలం. పీఠిక దాకా వెళ్లింది మీరు కాబట్టి. బీఏ రెండో ఏడాది విద్యార్థి వెళ్లడు.

పరిశోధన_బాట
వెళ్లడానికి మొదటి మెట్టు బీఏలోనే ఎక్కించాలి కదండీ. నన్ను ఎవరూ ఎక్కించలేదు, పీహెచ్‌డీకి వచ్చాక ఒక్కణ్ణే తడుముకున్నాను.

పాత_సంపుటి
ఇప్పటిదాకా చదువుతూ వచ్చాను. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. తెలుగులో విజ్ఞాన సర్వస్వం కోసం కొమర్రాజు లక్ష్మణరావు గారు పడిన శ్రమ ఈ తరానికి తెలియాలి. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపనలో ముఖ్యులు ఆయన. తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, చాలా వ్యాసాలు తానే రాసి, మూడు సంపుటాలు తెచ్చారు. 1923లో, పని నడుమలోనే, నిండా యాభయ్యేళ్లు లేకుండా కన్నుమూశారు. కాశీనాథుని నాగేశ్వరరావు గారు ఆ పనిని మళ్లీ తలకెత్తుకున్నారు. అప్పట్లో ఒక వ్యాసంలో తప్పు దొర్లితే దిద్దడానికి మరో ముద్రణ రావాలి, ముద్రణకు డబ్బు రావాలి.

నేను బడిలో ఉన్నప్పుడు కంప్యూటర్ గదికి మైక్రోసాఫ్ట్ వారి ఎన్‌కార్టా విజ్ఞాన సర్వస్వం సీడీ వచ్చింది. పిల్లలు గుమిగూడి చూసేవారు. 2009లో ఎన్‌కార్టాను ఆపేశారు. 2012లో బ్రిటానికా ఇక అచ్చు వేయమని ప్రకటించింది, 32 సంపుటాల కూర్పే చివరిది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా మాత్రం జీతం లేని మనుషుల చేతుల మీద నడుస్తోంది. దీన్ని పిల్లలకు దూరం చేద్దామంటే నా ప్రాణం ఒప్పదు. లక్ష్మణరావు గారు ఇది చూసి ఉంటే రాత్రింబవళ్లు అక్కడే ఉండేవారు.

మొలకల_మాలి
పాత_సంపుటి గారూ, మీలాంటివారు వచ్చి రాయాలి. మాకు కావలసింది మీ దగ్గరున్న పాత పుస్తకాల పుట సంఖ్యలు.

ఒరిగామి
బ్రిటానికాకూ వికీకీ తప్పుల్లో పెద్ద తేడా లేదని నేచర్ పత్రిక తేల్చింది కదా, ఇంకా ఈ చర్చ ఎందుకు?

పుస్తకాల_బీరువా
ఆ మాటను అందరూ అలా వాడేస్తారు, కొంచెం ఆగాలి. 2005 డిసెంబరులో నేచర్ ప్రచురించింది. 42 సైన్సు అంశాలు తీసుకుని, ఏది ఎక్కడిదో చెప్పకుండా నిపుణుల చేత చూపించారు. వికీలో 162, బ్రిటానికాలో 123 పొరపాట్లు, లోపాలు దొరికాయి. అంటే వ్యాసానికి సుమారు నాలుగు, మూడు. తీవ్రమైన తప్పులు రెండింటిలోనూ చెరి నాలుగు. బ్రిటానికా 2006లో గట్టిగా అభ్యంతరం చెప్పింది, నేచర్ తన మాట మీద నిలబడింది. గమనించవలసింది ఏమిటంటే, అవి సైన్సు వ్యాసాలు, ఇంగ్లీషు వికీ, అదీ 2005 నాటిది. తెలుగులో ఒక గ్రామం పేజీకో, ఒక నటుడి పేజీకో ఆ ఫలితాన్ని అంటగట్టలేం.

తెల్లకోటు
నర్సింగ్ విద్యార్థులకు చెబుతాను. మా దగ్గర నియమం ఒకటే: శరీర నిర్మాణం, జబ్బు పరిచయం వరకు చదవండి, మందు మోతాదు కోసం మాత్రం ఎప్పుడూ వెళ్లకండి. ఇంగ్లీషు వికీపీడియా వైద్య వ్యాసాలకు కూడా మామూలుగా మోతాదులు రాయకూడదన్న మార్గదర్శకం ఉంది. అది తెలిశాక నాకు వాళ్ల మీద నమ్మకం పెరిగింది. తాము చెప్పకూడనిది ఏమిటో తెలిసినవాళ్లు రాస్తున్నారన్నమాట.

నీలిసిరా
మంచి విషయం. ఒప్పుకుంటాను.

ఇంకొక మాట. పిల్లల చేత రాయించండి అని మీలో ఎవరో ఒకరు అనబోతున్నారు, ముందే చెబుతాను. 2011లో పుణేలో కొన్ని కళాశాలల్లో వికీపీడియా విద్యా కార్యక్రమం పెట్టారు. విద్యార్థుల చేత వ్యాసాలు రాయించారు, మార్కులకు ముడిపెట్టారు. ఏమైంది? పుస్తకాల నుంచి, వెబ్‌సైట్ల నుంచి ఎత్తి పోశారు. కాపీహక్కుల ఉల్లంఘనలు కుప్పలుగా పడ్డాయి. శుభ్రం చేయలేక స్వచ్ఛంద సంపాదకులు తలలు పట్టుకున్నారు. చివరికి ఆపేశారు.

మొలకల_మాలి
ఈసారి పూర్తిగా మీ పక్షమే నీలిసిరా గారూ. మార్కుల కోసం రాయించడం పిల్లలకూ మేలు కాదు, వికీకీ మేలు కాదు. బలవంతంగా వచ్చినవాడు పని అయ్యాక వెనక్కి చూడడు, వాడు వదిలింది మేము ఎత్తాలి. జీవకణం గారి పిల్లవాడిలా చర్చ పేజీలో ఒక్క మాట రాస్తే చాలు. రాయాలనిపించినవాడు ప్రయోగశాల పేజీలో మొదలుపెట్టాలి, అక్కడ ఎన్ని తప్పులు చేసినా ఎవరికీ నష్టం లేదు.

చిన్న భాషల వికీలకు ఇంకో ప్రమాదం కూడా ఉంది. 2020లో స్కాట్స్ (స్కాట్లాండ్‌లో మాట్లాడే ఒక భాష) వికీపీడియా సంగతి బయటపడింది. ఆ భాష సరిగా రాని ఒక అమెరికన్ కుర్రవాడు ఏళ్ల తరబడి వేలకు వేల వ్యాసాలు రాసేశాడు. దురుద్దేశం లేదు, ఉత్సాహం. చూసి చెప్పేవాళ్లు లేరు. తెలుగులో వ్యాసాలు లక్ష దాటాయి, చూసే కళ్లు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. చదువు చెప్పేవాళ్లు బయట నిలబడి నమ్మలేమంటే, లోపల సరిచేసేది ఎవరు? ఇది నిందగా కాదు, నిజంగా అడుగుతున్నాను.

లెక్కల_వాకిలి
సరే, గణితంలో ఒక మొలక వ్యాసం, అంటే ఇంకా పెరగని చిన్న వ్యాసం, ఇవ్వండి. రెండు ఉదాహరణలు నేను చేరుస్తాను. ఇంటర్ పిల్లకు అర్థమయ్యేట్టు.

మొలకల_మాలి
ఒకటా! సందేశం పంపుతున్నాను, మీరు వెనక్కి తగ్గకూడదు.

రెండో_బెంచీ
మీరందరూ వికీ గురించి తగువు పడుతున్నారు గానీ మా తరగతిలో ఇప్పుడు వికీ కూడా ఎవరూ తెరవరు. చాట్‌బాట్‌ను అడిగి రాసేస్తారు. అంకెలు దించే బాధ కూడా లేదు.

సుద్దముక్క
నా భయం కూడా అదే. వచ్చే ఏడాదికి ఈ చర్చే పాతబడుతుందేమో.

పరిశోధన_బాట
పాతబడదు. ఆ చాట్‌బాట్లు నేర్చుకున్న పాఠ్యంలో వికీపీడియా పెద్ద భాగం. అక్కడి తప్పు ఇక్కడికీ వస్తుంది, కానీ ఏ వాక్యం ఎవరు రాశారు, ఎప్పుడు మారింది అన్న జాడ పోతుంది. కొన్ని లింకులు ఇస్తాయి, తెరిచి చూస్తే వాక్యానికీ లింకుకూ పొంతన లేని సందర్భాలు నాకు ఎదురయ్యాయి. జీవకణం గారి అభ్యాసం అక్కడ ఇంకా ఎక్కువ అవసరం.

తెల్లకోటు
చాట్‌బాట్‌కు చర్చ పేజీ లేదు. నాకు అన్నిటికంటే పెద్ద లోటు అదే అనిపిస్తుంది. నలుగురు ఎక్కడ విభేదించారో తెలిస్తేనే ఆ విషయంలో ఏది కష్టమో తెలుస్తుంది.

కొండదారి
ఇంటర్నెట్ లేని బడి మాది. కివిక్స్ అనే ఉచిత ప్రోగ్రాంతో వికీపీడియాను ముందే దించుకుని కంప్యూటర్లలో పెట్టాం. పిల్లలు విరామ సమయంలో కూడా వదలరు, ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి పోతూనే ఉంటారు. జంతువులు, గ్రహాలు, ఓడలు. ప్రాజెక్టు కోసం ఎవరూ చెప్పలేదు, చదువుతున్నారు. అయితే మీరు చెప్పిన చరిత్ర, చర్చ పేజీలు దించుకున్న ప్రతిలో రావు. మూలాల జాబితా ఉంటుంది, నొక్కితే తెరుచుకోదు. అందుకని మా పిల్లలకు పాఠ్యపుస్తకంతో పోల్చి చూడమంటాను. రెండింటిలో ఏదైనా తేడా దొరికితే గోడ మీద అంటిస్తాం. తేడా వచ్చిన ప్రతిసారీ తప్పు వికీదే అయి ఉండటం లేదు.

నీలిసిరా
గోడ ఆలోచన బాగుంది. నా తరగతిలో పెడతాను. కానీ ఆధారంగా చూపడం మీద నా నిషేధం అలాగే ఉంటుంది, దాన్ని సడలించను.

పుస్తకాల_బీరువా
సడలించవద్దు. చదివామని చెప్పుకునే స్వేచ్ఛ మాత్రం ఇవ్వండి. ‘ముందు అక్కడ చదివాను, తర్వాత ఈ పుస్తకం చూశాను’ అని రాసిన విద్యార్థికి మార్కు కోసేయకండి.

నీలిసిరా
దానికి అభ్యంతరం లేదు.

సుద్దముక్క
అందరి మాటలూ రాసుకున్నాను. ఇవాళ స్టాఫ్ రూములో మాట్లాడాను. మిగతా తరగతులకు సున్నా నియమమే ఉంటుంది. నా తరగతికి మాత్రం ఈ ఒక్క టర్మ్ వరకు నా ఇష్టానికి వదిలారు, ఆ తర్వాత కాగితాలు చూస్తామన్నారు.

అదే చంద్రుడి అంశం మళ్లీ ఇస్తున్నాను. రెండు పేజీలు కాదు, ఒక్క పేజీ. దాదాపు 450 కోట్ల సంవత్సరాల కిందట అంగారకుడంత పెద్ద గోళం ఒకటి భూమిని ఢీకొట్టిందని, ఆ శకలాల నుంచి చంద్రుడు ఏర్పడ్డాడని అందరూ దించారు. వ్యాసంలో అది పరికల్పన అని స్పష్టంగా ఉంది. పిల్లలు దాన్ని జరిగిపోయిన సంగతిలా రాశారు. అందుకని ఈసారి అడుగుతున్నది ఇది: ఈ వాక్యాన్ని నమ్మడానికి వ్యాసం ఏ కారణాలు చూపింది, ఏ ప్రశ్నలకు ఇంకా జవాబు లేదంది, ఒక కారణం పక్కనున్న మూలంలో మీకు ఏం కనబడింది. ఇంగ్లీషు మూలమైతే ఇద్దరిద్దరుగా కూర్చుని నాతో కలిసి చదువుతారు.

ఒక సందేహం. పిల్లలు చూసిన రోజుకూ నేను దిద్దే రోజుకూ మధ్య పేజీ మారిపోతే ఎలా?

జీవకణం
నేను తేదీ రాయిస్తాను. అది సరిపోతుంది అనుకుంటాను.

మొలకల_మాలి
తేదీతో పాటు శాశ్వత లింకు కూడా తీసుకోండి. కంప్యూటర్‌లో అయితే పేజీ పరికరాల జాబితాలో ‘శాశ్వత లింకు’ అనే ఉంటుంది. ఫోనులో అయితే వ్యాసం అడుగున చివరిసారి ఎప్పుడు మార్చారో చూపే గీటు ఉంటుంది. అది నొక్కితే చరిత్ర తెరుచుకుంటుంది. అందులో అన్నిటికంటే పైనున్న తేదీని నొక్కండి. అప్పుడు వచ్చే చిరునామా ఆ కూర్పుకే చెందుతుంది. తర్వాత ఎవరు ఎన్ని మార్పులు చేసినా మీ పిల్లలు చూసిన పాఠమే మీకూ కనబడుతుంది. ఆ చిరునామా పొడుగ్గా ఉంటుంది, చేత్తో రాయించకండి. తరగతి మొత్తానికి ఒకే కూర్పు ఎంచి మీరే బోర్డు పక్కన అంటించండి.